తప్పుకోకండి, ఆగండి: పూలకాలంలో పెర్త్ కొండబాటల్లో నడవడం, సైకిలు తొక్కడం ఎలా?

సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం పెర్త్‌కు తూర్పున ఉన్న కొండల్లో నడుస్తున్నాను. వెనుక నుంచి సైకిలు బెల్లు వినిపించింది. మర్యాదస్తుడిలా గబుక్కున బాట దిగి పక్కన నిలబడ్డాను. సైకిలతను చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. తీరా బూటు ఎత్తి చూసుకుంటే కింద నాలుగు డాంకీ ఆర్కిడ్ పూలు నలిగి ఉన్నాయి. పసుపు రేకల మీద గోధుమరంగు మరకలు, పైన గాడిద చెవుల్లా నిక్కిన రెండు రేకలు. ఆ చెవుల్లో ఒకటి నా బూటు అడుగున గాడిలో ఇరుక్కుపోయింది.

పూలకాలంలో ఈ బాటల మీద ఉన్న చిక్కంతా ఇదే. మామూలు రోజుల్లో ఎదురొచ్చిన వాళ్లకు దారి ఇవ్వాలంటే బాట దిగి పక్కకు తప్పుకుంటే సరిపోతుంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఆ పక్కన ఉన్నదంతా పూలే. అంటే దారి ఇవ్వాలి గానీ దారి దిగకూడదు. ఇది కుదిరే పనేనా అంటే, కుదురుతుంది. కాస్త అలవాటు కావాలి. నేను శనివారాలు మౌంటెన్ బైక్ తొక్కుతాను, ఆదివారాలు పిల్లలతో నడుస్తాను. కాబట్టి రెండు పక్షాల విసుగూ నాకు తెలుసు. పెర్త్‌లో ఉంటున్న తెలుగువాళ్లకూ, ఈ కాలంలో ఇక్కడి బంధువుల ఇంటికి వచ్చేవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఈ నేల సంగతి ముందు ఒక్క మాట. పశ్చిమ ఆస్ట్రేలియాలో 12 వేలకు పైగా రకాల అడవిపూల మొక్కలు ఉన్నాయని లెక్క. వాటిలో సగానికి పైగా ప్రపంచంలో మరెక్కడా పెరగవు. ఈ కొండలు వాజుక్ నూంగర్ అనే ఇక్కడి ఆదివాసుల నేల. వాళ్ల పంచాంగంలో మన లాగానే ఆరు ఋతువులు. ఆగస్టు, సెప్టెంబరు జిల్బా. అక్టోబరు, నవంబరు కంబరాంగ్. జిల్బాలో పసుపు తుమ్మపూలతో మొదలై, కంబరాంగ్ నాటికి అడవికి అన్ని రంగులూ వచ్చేస్తాయి.

బాట ఎవరిదో ముందే చూసుకోండి

ఇక్కడివాళ్లు బుష్ అని పిలిచే ఈ అడవిలో ప్రతి బాటా అందరిదీ కాదు. జగడాల్లో సగం ఈ సంగతి తెలియకే వస్తాయి.

పెర్త్ అంచున కొండల్లో ఉన్న కలముండ నుంచి దక్షిణ తీరంలోని ఆల్బనీ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్లు సాగే బిబ్బుల్మన్ ట్రాక్ కేవలం నడిచేవారిది. పసుపు త్రికోణంలో పాము బొమ్మ ఉన్న గుర్తు చెట్టు మీద కనిపిస్తే సైకిలుతో అందులోకి తిప్పకండి. మండారింగ్ నుంచి అదే ఆల్బనీకి మరో దారిలో వెళ్లే మండా బిడ్డిని సైకిళ్ల కోసం వేశారు. దాని పొడవూ దాదాపు అంతే. ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో చూసి మనవాళ్లు తప్పుగా చదివి నవ్వుకుంటారు గానీ, నూంగర్ భాషలో దానికి అడవిలోంచి పోయే దారి అని అర్థం.

కలముండ దగ్గర క్యామెల్ ఫార్మ్ అనే చోటు నుంచి మొదలయ్యే బాటలు మౌంటెన్ బైకులవి. పచ్చ వృత్తం ఉంటే సులువు, నీలం చతురస్రం ఉంటే మధ్యరకం, నల్ల డైమండ్ ఉంటే కష్టం. ఇవి నడిచేవారి కష్టాన్ని బట్టి పెట్టిన గుర్తులు కావు. నల్ల డైమండ్ బాట మీద పూలు చూస్తూ నిలబడితే, మలుపు తిరిగి గాల్లోంచి దిగే సైకిలుకు మీరు కనబడరు. పూలు అక్కడ ఎంత బాగున్నా సరే, నడవడానికి వేరే చోటు చూసుకోండి.

నిజంగా అందరూ కలిసి తిరిగేది పాత రైలు కట్ట మీద. 1966లో మూతపడిన రైలు మార్గాన్ని బాటగా మార్చి రైల్వే రిజర్వ్స్ హెరిటేజ్ ట్రెయిల్ అని పేరు పెట్టారు. మండారింగ్ వైపు వెళ్లి చుట్టి వస్తే 41 కిలోమీటర్లు. జాన్ ఫారెస్ట్ నేషనల్ పార్కులోంచి పోతుంది. నడిచేవాళ్లు, సైకిళ్లు, గుర్రాలు అన్నీ దీని మీదే. మొదటిసారి వెళ్లేవారికి నేను చెప్పేది ఇదే బాట. రైలు కట్ట కాబట్టి వెడల్పు ఎక్కువ, ఎత్తుపల్లాలు తక్కువ. అదే పార్కులో ఉన్న 15 కిలోమీటర్ల ఈగిల్స్ వ్యూ బాట మాత్రం నడిచేవారిదే.

బయలుదేరే ముందు బురద దులపండి

ఇది చాలామంది దాటేసే పని. నన్నడిగితే బెల్లు కంటే, హెల్మెట్ కంటే ముందు చెప్పాల్సింది ఇదే.

ఇక్కడి నేలలో డైబ్యాక్ అనే రోగం ఉంది. దాన్ని తెచ్చేది ఫైటాఫ్తొరా సిన్నమోమి అనే సూక్ష్మజీవి. బూజులా కనిపించినా అసలు బూజు కాదు. తడి మట్టిలో ఈదుకుంటూ వెళ్లి వేళ్లను కుళ్లబెడుతుంది. వేరు కుళ్లిన మొక్క నీళ్లు పీల్చుకోలేదు. చుట్టూ తడి ఉన్నా ఎండకు మాడినట్టు నిలబడి చచ్చిపోతుంది. బ్యాంక్సియాలు, గ్రాస్ ట్రీలు, జర్రా చెట్లు దీనికి బలి అవుతాయి. ఈ నైరుతి మూలలో పెరిగే స్థానిక మొక్కల జాతుల్లో సుమారు 40 శాతం దీనికి లొంగేవే. ఫాస్ఫైట్ మందు కొడితే నెమ్మదిస్తుంది తప్ప పూర్తిగా పోదు.

వాన నీటితో పాటు ఇది పల్లానికి జారుతుంది. తనంతట తాను ఎత్తుకు ఎక్కాలంటే వేరు నుంచి వేరుకు పాకుతూ ఏళ్లు పడుతుంది. అదే సైకిలు టైరుకు అంటిన బురదలో కూర్చుంటే పావుగంటలో కొండెక్కుతుంది. బూటు అడుగున కూర్చున్నా అంతే. ఈ పాపంలో నడిచేవాళ్లు, తొక్కేవాళ్లు సమానం.

శుభ్రం చేసే పద్ధతి ఇలా. ముందు పొడిగా దులపాలి. గట్టి కుచ్చుల బ్రష్షుతో బూటు గాడుల్లో, టైరు పళ్లలో, పెడళ్ల కింద, చెయిన్ దగ్గర పేరుకున్న మట్టిని గీకి తీయండి. టైరుకూ ఫోర్కుకూ మధ్య సందులో వేలు పెట్టి చూడండి. అక్కడ ఎప్పుడూ ఒక ముద్ద ఉంటుంది. ఆ తర్వాతే మెథిలేటెడ్ స్పిరిట్ చల్లాలి. ఏడు పాళ్ల స్పిరిట్‌కు మూడు పాళ్ల నీళ్లు కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే చాలు. మట్టి ఉండగానే మందు కొడితే పై పొర తడుస్తుంది తప్ప లోపలి క్రిమి అలాగే ఉంటుంది. స్పిరిట్ భగ్గున మండే సరుకు కాబట్టి పొయ్యి దగ్గర, ఎండలో కాగిన కారులో పెట్టకండి.

చాలా బాటల మొదట్లో బూట్లు శుభ్రం చేసుకునే చోటు ఉంటుంది. గుడి ముందు కాళ్లు కడుక్కునే కుళాయిలాంటిదే. దాన్ని చూసీ చూడనట్టు దాటిపోకండి. ఇంకా మంచి ఉపాయం ఒకటుంది: పెద్ద వాన పడిన మరునాడు వెళ్లకండి. రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పూలు ఎక్కడికీ పోవు.

సైకిలు తొక్కేవారికి: బెల్లు, బ్రేకు, గ్రావెల్

ఈ కొండల మీద పరిచి ఉండేది ఎర్రటి గుండ్రాల గ్రావెల్. నున్నటి గచ్చు మీద ఎండు శనగలు ఒలకబోసి వాటి మీద నడిచి చూడండి, ఎలా ఉంటుందో తెలుస్తుంది. తారు రోడ్డు మీద ఆగినంత దూరంలో ఇక్కడ సైకిలు ఆగదు. వెనుక బ్రేకు గట్టిగా పట్టేస్తే చక్రం బిగుసుకుని జారుతుంది, బాట అంచు గీసుకుపోతుంది. ఆ అంచున వేళ్లు ఉన్నవి పూలమొక్కలే. అందుకని మలుపులో బ్రేకు పట్టకండి. మలుపుకు ముందే వేగం తగ్గించి, చక్రాలు తిరుగుతుండగానే మళ్లండి.

కనుచూపు ఎంత దూరం ఆనుతుందో అందులో సగం దూరంలో ఆగగలిగేంత వేగమే మీ వేగం. మిగతా సగం ఎదురొచ్చేవారికి. బ్యాటరీ సాయంతో నడిచే సైకిళ్ల వాళ్లు ఎక్కుడులో కూడా ఇది గుర్తుంచుకోవాలి. ఎక్కేటప్పుడు అంత వేగంగా ఎవరైనా వస్తారని నడిచేవాళ్లు అనుకోరు.

బెల్లు లేకుండా రావద్దు. 30 మీటర్ల దూరం నుంచే రెండుసార్లు మెల్లగా కొట్టండి. వీపు వెనక్కి వచ్చాక కొడితే వినేవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది, ఆ కంగారులోనే వాళ్లు పూల మీదకు దూకుతారు. నేను దూకింది అలాగే.

నీటి గుంట కనిపిస్తే పక్కనుంచి తిప్పుకుని పోకండి. ఒక్కొక్కరూ అలా పోతే బాట ఏటికేడు వెడల్పవుతుంది. వేగం తగ్గించి మధ్యలోంచే వెళ్లండి. గుంటలు మరీ ఎక్కువగా ఉన్నాయంటే అది మీరు రావాల్సిన రోజు కాదు.

ఎదురుపడినప్పుడు ఏం చేయాలి

రాతలో ఉన్న నియమం చిన్నదే: సైకిళ్లు నడిచేవారికి దారి ఇవ్వాలి, ఇద్దరూ గుర్రాలకు దారి ఇవ్వాలి, అందరూ ఎడమ పక్కనే ఉండాలి. ఎడమ అలవాటు మనకు ఊరి నుంచే ఉంది కనుక ఇబ్బంది లేదు. పూలకాలంలో దీన్ని పాటించే తీరు మాత్రం నేర్చుకోవాలి.

మీరు నడుస్తున్నారు, వెనుక బెల్లు వినిపించింది. మొదటి పని: దూకకండి. నిలబడండి. సైకిలుకు ఎక్కువ భయం అటూ ఇటూ కదిలే మనిషితోనే. నిలబడిన మనిషిని తప్పించుకోవడం సులువు. విన్నానని ఒక చెయ్యి ఎత్తండి. తర్వాత బాట లోపలే ఎడమ అంచుకు చేరి, బాట వైపు ముఖం తిప్పి నిలబడండి. అప్పుడు వీపున ఉన్న సంచి దారికి అడ్డం రాకుండా మొక్కల మీదుగా గాల్లో ఉంటుంది. చేతికర్రలు ఉంటే నిలువుగా దగ్గరకు పట్టుకోండి. ఇలా నిలబడిన మనిషి ఆక్రమించేది రెండు జానల చోటే. మీటరు వెడల్పు బాట మీద కూడా నెమ్మదిగా వచ్చే సైకిలు దాటిపోతుంది.

మీటరు కన్నా సన్నగా ఉంటే సైకిలతనే ఆగాలి. దిగి సైకిలును ఒంటికి ఆనించుకుని నిలబడితే నడిచేవారు పక్కకు తిరిగి దాటిపోతారు. ఇక్కడ తొక్కేవాళ్లు చేసే తప్పొకటి ఉంది. ఆగేటప్పుడు ఒక కాలు అలవాటుగా బాట బయట ఆనిస్తారు. ఆ కాలు బాట మీదే ఆనాలి. నేను దీనికోసం సీటు ఒక అంగుళం దించుకున్నాను.

పిల్లలతో వెళ్లేవారికి ఒక ఆట చెబుతాను. మేము దానికి 'గోడ' అని పేరు పెట్టుకున్నాం. బెల్లు వినగానే ఎవరు ముందు 'గోడ' అని అరిస్తే వాళ్లకు ఒక పాయింటు. అందరూ ఎడమ అంచున వరుసగా గోడలా నిలబడాలి. బాట దిగినవాళ్లకు పాయింటు పోతుంది. మా చిన్నది ఇప్పుడు బెల్లు కొట్టే పక్షులను విని కూడా గోడ అంటోంది. ఆట లేని రోజుల్లో జరిగేది ఏమిటంటే, తల్లి ఒక పక్కకూ తండ్రి మరో పక్కకూ గెంతడం, పిల్లవాడు మధ్యలో ఎటు పోవాలో తెలియక నిలబడిపోవడం. సైకిలు తొక్కేవాడికి అంతకన్నా గుబులు పుట్టించేది లేదు.

పదిమంది కలిసి వెళ్తే పెళ్లి ఊరేగింపులా బాట నిండా నడవకండి. ఇద్దరిద్దరు చాలు, మలుపుల దగ్గర ఒకరి వెనుక ఒకరు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఒకటి తీసేయండి. ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడుతూ నడిచేవారికి బెల్లు వినపడదు, పక్కవారికి అడవి వినపడదు. సైకిళ్లు గుంపుగా వస్తే ముందున్నవారు వెనుక ఇంకా ఎందరున్నారో వేళ్లతో చూపాలి. ఒకరు దాటాక బాట మధ్యకు వచ్చేసిన మనిషికి రెండో సైకిలు ఎదురు కావడం నేను కళ్లారా చూశాను.

రెండు సైకిళ్లు ఎదురైతే దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. ఎక్కుడులో ఆగితే గ్రావెల్ మీద మళ్లీ మొదలుపెట్టడం నరకం.

ఎంత చూసినా కొన్నిసార్లు బాట దిగక తప్పదు. అప్పుడు దిగే చోటు ఎంచుకోండి: రాతి పలక, పడిన దుంగ, మొలక లేని గ్రావెల్ తునక. నాలుగడుగులు వెనక్కి నడవాల్సి వచ్చినా నడవండి. ఆరుగురు నడిచేవాళ్లకు ఒక్క సైకిలు ఎదురైతే ఆ ఒక్కరే దిగి రాయి మీద నిలబడాలి. సైకిలు తొక్కే మిత్రులు ఈ మాటకు నన్ను తిట్టుకుంటారు. పన్నెండు పాదాలకన్నా రెండు పాదాలు నయం అన్నదే నా లెక్క.

గుర్రం ఎదురైతే బెల్లు కొట్టవద్దు. ఆగి, మామూలు గొంతుతో పలకరించండి. హెల్మెట్, కళ్లజోడు పెట్టుకున్న ఆకారం మనిషేనని గుర్రానికి గొంతు వింటేనే తెలుస్తుంది. పైనున్నవారు రమ్మన్నాకే కదలండి.

స్వాన్ వ్యూ సొరంగంలో

హెరిటేజ్ ట్రెయిల్ మీద 340 మీటర్ల పాత రైలు సొరంగం ఉంది. ఆవిరి ఇంజన్ల కాలంలో పొగ నిలిచిపోయి లోపల ఊపిరాడేది కాదు. అందుకే పక్కనుంచి మరో లైను వేయాల్సి వచ్చింది. ఇప్పుడు పొగ లేదు గానీ చీకటి అలాగే ఉంది. రెండు కొసలా వెలుగు కనిపిస్తుంటుంది కాబట్టి టార్చి అక్కరలేదనిపిస్తుంది. ఆ వెలుగే మోసం: అది కళ్లలో పడి మధ్యలో నడిచే మనిషి నీడ కూడా కనబడదు. నడిచేవారు టార్చిని కాళ్ల దగ్గరకు వేయండి. సైకిళ్లవారు దీపం వేసుకుని నడక వేగంతో వెళ్లండి, దీపాన్ని కిందికి వంచండి. లోపలికి రాగానే ఒకసారి బెల్లు కొడితే చాలు, గోడలు దాన్ని అటు కొసదాకా మోసుకుపోతాయి. చీకటి గిట్టనివారు పక్కనున్న లైను కట్ట మీదుగా వెళ్లవచ్చు.

పూల దగ్గర ఆగినప్పుడు

ఫోటో కోసం ఆగేవారు మలుపులో ఆగకూడదు. తిన్నటి బాట వచ్చేదాకా నడిచి, వెనక్కి వచ్చి తీసుకోండి. సైకిలును పొదల మీదకు ఆనించకండి, బాట అంచునే పొడుగ్గా పడుకోబెట్టండి. దగ్గరి ఫోటో కావాలంటే మోకాళ్లు బాట మీద ఉంచి ఫోనున్న చెయ్యి చాచండి. నీలం లెషెనాల్టియా చిన్న మొక్కే అయినా బాట అంచు దాకా వస్తుంది. దాని నీలం కెమెరాలో ఎప్పుడూ సరిగా పడదు, అదో బాధ.

ఆర్కిడ్‌ల సంగతి కాస్త వేరు. వాటి గింజలు ధూళి అంత సన్నవి, లోపల తిండి నిల్వ ఉండదు. నేలలోని ఒక రకం బూజు తోడు దొరికితేనే మొలుస్తాయి. కాబట్టి తవ్వి తెచ్చి ఇంటి కుండీలో పెడితే బతకవు. పువ్వు తొక్కినంత మాత్రాన కింద గడ్డ చావకపోవచ్చు గానీ ఆ ఏటి గింజ పోయినట్టే. ఒక పువ్వు కనిపిస్తే దాని చుట్టూ గడ్డిలో పువ్వు రాని ఆకులు ఇంకెన్నో ఉంటాయి. ఒక్క అడుగు ముందుకు వేసే ముందు వాటికోసం వెతకండి.

కోయడం గురించి. మనకు పువ్వు కనిపిస్తే చెయ్యి దేవుడి కోసమో జడ కోసమో దానంతట అదే ముందుకు పోతుంది. ఇక్కడి స్థానిక మొక్కలన్నిటికీ చట్టం రక్షణ ఉంది. ప్రభుత్వ భూమిలో లైసెన్సు లేకుండా కోస్తే నేరం. ఎర్రకాడల పచ్చని కంగారూ పా 1960 నుంచి ఈ రాష్ట్ర పుష్పం కూడా. మా అమ్మ వచ్చినప్పుడు చట్టం చెబితే తలకెక్కలేదు. తిరుమల కొండ మీద తలలో పూలు పెట్టుకోం కదా, అక్కడి పూలన్నీ స్వామివని, ఇదీ అలాంటి కొండే అన్నాను. ఆ తర్వాత దారిలో పువ్వు ముట్టుకోబోయిన మనవరాలిని ఆవిడే ఆపింది.

పాములు, పక్షులు, దారికడ్డంగా పడుకునేవి

పూలు చూడటానికి మనం వచ్చే ఎండకే పాములూ బయటికి వస్తాయి. ఇక్కడ ఎక్కువగా కనిపించేది డ్యూగైట్. విషం గట్టిది, తనంతట తాను వెంటపడదు. బాట మీద ఉంటే ఆగి, అది పోయేదాకా వేచి ఉండండి. వెనుక వచ్చేవారినీ ఆపండి. సాగే బ్యాండేజీలు రెండు సంచిలో ఉంచుకోండి. కాటు పడితే కడగవద్దు, కోయవద్దు. కాటు మీద నుంచి మొదలుపెట్టి కాలంతా బిగుతుగా చుట్టి, కదలకుండా కూర్చోబెట్టి ఇక్కడి అత్యవసర నంబరు 000కు ఫోను చేయండి.

పొట్టి తోకతో బాట మధ్యలో ఎండ కాచుకునేది బాబ్‌టెయిల్ బల్లి. ఈ కాలంలో జంటగా తిరుగుతాయి. ఒకటి కనిపిస్తే రెండోది దగ్గర్లోనే ఉంటుంది, చక్రం కింద పడనివ్వకండి.

గూడు కాపాడుకునే మ్యాగ్‌పై పిట్ట సైకిలు తొక్కేవారి హెల్మెట్ మీదకు దూసుకొస్తుంది. వేగం పెంచితే ఇంకా రెచ్చిపోతుంది. దిగి నడిపించుకుంటూ పోతే చాలావరకు వదిలేస్తుంది. అలాంటప్పుడు ఎదురుగా నడిచేవారు కనిపిస్తే ముందు చెట్టు మీద పిట్ట ఉందని చెప్పి వెళ్లండి.

ఇంటికి వచ్చాక

కారెక్కే ముందే బాట చివర మరోసారి బూట్లు, టైర్లు దులపండి. అక్కడ కుదరకపోతే బూట్లు సంచిలో మూటకట్టి తెచ్చి, ఇంట్లో పాత పేపరు పరిచి దాని మీద దులపండి. మేజోళ్లకు అంటిన గింజలు కూడా అందులోనే వేయండి. చెవి వెనుక, చంకల్లో, మోకాలి వెనుక పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి, పిల్లలకు మీరే చూడండి. రాలిన ఆ ఎర్రమట్టి గుప్పెడు చూడటానికి మంచి సారవంతంగా కనిపిస్తుంది. కరివేపాకు కుండీలో వేయకండి. పేపరుతో సహా మడిచి చెత్తబుట్టలో పడేయండి.